మూడు లెక్కలకు 96 శాతం, రెండు తప్పులకు 55: సాధన సైట్లలో ఈ అంకె ఎలా పుడుతుంది?

బ్రాడీపేట_పద్దులు (గుంటూరు)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. కాలేజీ నుంచి వచ్చి అన్నం తిన్నాక రాత్రి ఒక గంటసేపు ఒక వెబ్‌సైటులో గణితం సాధన చేస్తుంది. విద్యార్థి స్థాయిని కనిపెట్టి, దానికి తగ్గట్టు ప్రశ్నలు మార్చి ఇస్తామని చెప్పే సైటు అది. పేరుతో ఇక్కడ పని లేదు. ఏడాది చందా కట్టిన వాణ్ణి కనుక, తల్లిదండ్రుల కోసం వాళ్ళు వారం వారం పంపే నివేదికను వదలకుండా చూస్తుంటాను. నేను మిర్చి యార్డులో ఒక కమీషను కొట్టులో పద్దులు రాస్తాను. ఒక అంకె కనబడితే అది ఏ పద్దు నుంచి వచ్చిందో తేలేదాకా నాకు స్థిమితం ఉండదు.

త్రికోణమితిలో సంయుక్త కోణాల దగ్గర జరిగిన సంగతి ఇది. మొదటి రోజు మా అమ్మాయి మూడు ప్రశ్నలు వరుసగా ఒప్పు చేయగానే ఆ అంశం మీద "పట్టు 96 శాతం" అని చూపించింది. మర్నాడు రెండు తప్పులు పడ్డాయి. మొదటి తప్పుకు అంకె పెద్దగా కదలలేదు కానీ రెండో తప్పుకు ఒక్కసారిగా 55కు పడిపోయింది. ఆ మరుసటి రోజు ఇంకో రెండు ఒప్పు చేస్తే మళ్ళీ 95 అయి, పక్కన పచ్చని టిక్కు వచ్చింది. ఇక ఆ అంశాన్ని సైటు మళ్ళీ అడగలేదు. సరిగ్గా ఎనిమిది రోజులకు కాలేజీలో యూనిట్ టెస్టు పెడితే, అదే అంశంలో పది మార్కులకు నాలుగు వచ్చాయి.

ఈ 96 దేనిలో 96? మొత్తం చేసినవే మూడు లెక్కలు కదా. మూడు ఒప్పులతో కూడబెట్టినదాన్ని రెండు తప్పులు అంతలా ఎలా తుడిచిపెట్టాయి? మా పిల్ల అక్కడ కూర్చున్న గంటలో ఆ సైటు ఏమేమి రాసుకుంటోంది? తెలిసినవారు వివరంగా చెబితే సంతోషిస్తాను.

కృష్ణలంక_కోడు (విజయవాడ)

నమస్కారమండీ. ఇలాంటి సాధన సాఫ్ట్‌వేరు తయారుచేసే ఒక సంస్థలో మూడేళ్ళు పనిచేశాను. సైట్లు సాధారణంగా తమ లెక్కను బయటపెట్టవు. అయితే మూడు ఒప్పులకు అంత ఎత్తుకు పోవడం, మొదటి తప్పుకు కొంచెం, రెండో తప్పుకు బాగా దిగడం ఒక పాత పద్ధతి నడకను అచ్చంగా పోలి ఉన్నాయి. దాని పేరు బేయేసియన్ నాలెడ్జ్ ట్రేసింగ్. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ కార్బెట్, జాన్ ఆండర్సన్ అనే ఇద్దరు 1990ల మొదటి సగంలో, లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పే కంప్యూటరు ట్యూటరు కోసం దీన్ని రూపొందించారు.

వంద లెక్కలిస్తే 96 చేస్తుందనో, పాఠంలో 96 వంతులు వచ్చేసిందనో ఆ అంకెకు అర్థం కాదు. ఈ పద్ధతి దృష్టిలో ఒక నైపుణ్యం విద్యార్థికి వచ్చు, లేదా రాదు. సగం వచ్చు అనే మాటకు అందులో చోటే లేదు. వచ్చిందో లేదో తల లోపలి సంగతి. బయటికి కనబడేది జవాబు ఒక్కటే. ఆ జవాబులను చూసి, ఈ పిల్లకు ఇది వచ్చి ఉండే సంభావ్యత ఎంత అని వేసే అంచనాయే మీరు చూసిన అంకె. వాన పడే అవకాశం 96 శాతం అంటే 96 మిల్లీమీటర్ల వాన అని ఎవరూ అనుకోరు కదా, ఇదీ అలాంటిదే.

ఈ అంచనాకు నాలుగు అంకెలు ముందే పెట్టుకుంటారు. సాధన మొదలుపెట్టేనాటికే ఆ నైపుణ్యం వచ్చి ఉండే అవకాశం ఒకటి, ఒక్కో ప్రశ్న చేసే క్రమంలో రానిది వచ్చేసే అవకాశం రెండోది. రాకపోయినా ఊహతో ఒప్పు కొట్టే అవకాశం, వచ్చినా పొరపాటున తప్పు చేసే అవకాశం మిగతా రెండు. ఉదాహరణకు వీటిని వరుసగా 30, 15, 25, 10 శాతాలు అనుకుందాం. ఊహకు 25 ఎందుకంటే నాలుగు ఐచ్ఛికాలలో గుడ్డిగా ఒకటి నొక్కినా పావు వంతు ఒప్పే కనుక.

మీరు పద్దులు రాసేవారు కాబట్టి తలల లెక్కన చూడండి. మీ అమ్మాయి వంటి విద్యార్థులు వెయ్యిమంది ఉన్నారనుకుంటే, మొదట్లో 300 మందికి వచ్చు, 700 మందికి రాదు. వచ్చిన 300 మందిలో పొరపాటు పడ్డ 30 మందిని తీసేస్తే 270 మంది ఒప్పు చేస్తారు. రాని 700 మందిలో పావు వంతు, అంటే 175 మంది ఊహతో ఒప్పు కొడతారు. ఒప్పు చేసిన 445 మందిలో నిజంగా వచ్చినవారు 270, అంటే 61 శాతం. మిగిలిన 39 శాతంలో నూటికి 15 మంది ఆ ప్రశ్న చేస్తూ నేర్చుకున్నారని కలిపితే 67 అవుతుంది. ఇదే లెక్కను మళ్ళీ తిప్పితే రెండో ఒప్పుకు 90, మూడో ఒప్పుకు 97. కార్బెట్, ఆండర్సన్‌లు 95 దాటితే పట్టు వచ్చినట్టే భావించి తర్వాతి నైపుణ్యానికి పంపించారు. మీరు చూసిన పచ్చని టిక్కు వెనుక ఉన్నది అలాంటి గీతే అయి ఉంటుంది.

ఇప్పుడు తప్పుల సంగతి. 97 దగ్గర ఒక తప్పు పడితే ఆ లెక్క దాన్ని చాలావరకు పొరపాటు ఖాతాలో వేసి 86కు మాత్రమే దిగుతుంది. రెండోది కూడా తప్పయితే 53కు పడిపోతుంది. వచ్చిన పిల్ల వరుసగా రెండుసార్లు పొరపాటు పడటం వందలో ఒక్కసారి మాట. రాని పిల్ల వరుసగా రెండు తప్పులు చేయడం వందలో 56 సార్లు జరిగే మాట. అంత తేడా ఉన్నప్పుడు అంచనా తిరగబడక తప్పదు. ఆపైన రెండు ఒప్పులకు అదే లెక్క 83కు, అక్కడి నుంచి 95కు ఎక్కుతుంది. మీరు చెప్పిన అంకెలకు నా ఊహా అంకెలు ఇంత దగ్గరగా రావడం చూసి నాకే కాస్త ఆశ్చర్యమేసింది.

విశ్రాంత_గణితం (సత్యనారాయణపురం, విజయవాడ)

పై లెక్కలో నాకు దోషమేమీ కనబడలేదు. నా అభ్యంతరమల్లా ఆ 25 అనే అంకె మీద. ముప్ఫై ఏళ్ళపాటు ఇంటర్మీడియట్ పిల్లలకు గణితం చెప్పిన అనుభవంతో అంటున్నాను: ఐచ్ఛికాలు ఇచ్చినప్పుడు కాస్త తెలివి ఉన్న ఏ పిల్లా గుడ్డిగా నొక్కదు.

ఈ ప్రశ్న చూడండి. సైన్ 75° విలువ ఎంత? ఐచ్ఛికాలు నాలుగు: (√6 − √2)/4, √3/2, (√6 + √2)/4, (√3 + 1)/2. సైటు దీనికి "సంయుక్త కోణాల సూత్రం" అని చీటీ అంటించి ఉంటుంది. 75ను 45, 30గా విడదీసి సూత్రంలో వేస్తారని ప్రశ్న తయారుచేసినవారి ఉద్దేశం. కానీ ఆ సూత్రం పేరైనా వినని పిల్ల కూడా దీన్ని ఒప్పు చేయగలదు. సైన్ విలువ 1 దాటదు కనుక దాదాపు 1.37 అయ్యే నాలుగోది కొట్టుకుపోతుంది. √3/2 అనేది సైన్ 60° కనుక 75°కు అంతకంటే పెద్దది కావాలి, రెండోదీ పోతుంది. మొదటిది 0.26 దగ్గర ఉంటుంది, అది కాదని చూడగానే తెలుస్తుంది. మిగిలింది ఒక్కటే. పిల్లకు వచ్చినది 0° నుంచి 90° వరకు సైన్ పెరుగుతూ పోతుందన్న సంగతి. సైటు రాసుకున్నది మాత్రం సంయుక్త కోణాల సూత్రం వచ్చని. యూనిట్ టెస్టులో ఐచ్ఛికాలు ఉండవు, సోపానాలు రాయాలి, "నిరూపించుము" అంటారు. నాలుగు మార్కులు రావడంలో నాకు వింతేమీ లేదు.

ఈ చీటీలు అంటించే పని ఎవరు చేస్తారో, ఎంత తొందరలో చేస్తారో నేను కొంత చూశాను. ఒక సంస్థ కోరితే సెలవుల్లో మూడువేల ప్రశ్నలకు అంశాల పేర్లు పెట్టాను. రోజుకు 300 చేయమన్నారు. నాలుగో రోజు నుంచి ప్రశ్న పూర్తిగా చదవడం మానేశానని ఇక్కడ ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

64_గళ్ళు (అరండల్‌పేట, గుంటూరు)

పై రెండు సమాధానాల్లోనూ ప్రశ్నలన్నీ ఒకే బరువు అన్నట్టుగా ఉంది. ద్రోణవల్లి హారిక పుట్టిన ఊళ్ళో చదరంగం ఆడే పిల్లలున్న ప్రతి ఇంటికీ రేటింగు సంగతి తెలుసు కాబట్టి ఆ దారిన చెబుతాను. అర్పాద్ ఎలో రూపొందించిన రేటింగును ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడు సగటున 76 శాతం ఫలితం రాబట్టాలి, 400 తేడా ఉంటే 91 శాతం. కొన్ని సాధన సైట్లు ప్రశ్నను కూడా ఒక ఆటగాడిగా చూస్తాయి. విద్యార్థికి ఒక రేటింగు, ప్రశ్నకు ఒక రేటింగు. పిల్ల ఒప్పు చేస్తే ప్రశ్న ఓడినట్టు, తప్పు చేస్తే ప్రశ్న గెలిచినట్టు.

1400 రేటింగున్న పిల్ల 1600 రేటింగున్న ప్రశ్నను ఒప్పు చేస్తే, మార్పు గుణకం (ఒక ఆటతో రేటింగు మారగల గరిష్ఠ హద్దు) 20 అనుకున్నప్పుడు, 15 పాయింట్లు వస్తాయి. 1200 ప్రశ్నను ఒప్పు చేస్తే వచ్చేవి 5 మాత్రమే. ఏ ప్రశ్న ఎంత కష్టమో అధ్యాపకులు కూర్చుని చెప్పనక్కరలేదు, వందలమంది దానితో ఆడాక దాని రేటింగు అదే కుదురుకుంటుంది. దీనికి మూలమైన ఆలోచన డెన్మార్కు గణితవేత్త గేఓర్గ్ రాష్ 1960లో ప్రకటించిన నమూనాలో ఉంది: ఒప్పు వచ్చే అవకాశాన్ని నిర్ణయించేది విద్యార్థి సామర్థ్యానికీ ప్రశ్న కాఠిన్యానికీ ఉన్న తేడా. అదే దారిలో పెరిగిన ఐటెమ్ రెస్పాన్స్ థియరీ మీద ఇప్పటి కంప్యూటరు ఎడాప్టివ్ పరీక్షలు, అంటే ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్నను మార్చే పరీక్షలు, నడుస్తున్నాయి.

ఇంకొక సంగతి ఉంది. నెదర్లాండ్స్‌లో పిల్లల అంకగణితం కోసం ఈ రేటింగు పద్ధతితో నడిచే మ్యాథ్స్ గార్డెన్ అనే సైటు, పిల్లవాడు ఒప్పు చేసే అవకాశం 75 శాతం దగ్గర ఉండేలా ప్రశ్నలను ఏరి ఇచ్చేలా కట్టారు. మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే నిరాశ అని. అలాంటి చోట బాగా వచ్చిన పిల్లకూ, అంతంతమాత్రం వచ్చిన పిల్లకూ నాలుగింటికి మూడే ఒప్పవుతాయి. మా అపార్టుమెంటులో "మావాడికి 78, మీవాడికి 74" అని తల్లులు పోల్చుకుంటుంటే, అవి ఒకే ప్రశ్నలు కావని చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

పద్దులు గారూ, మీ అమ్మాయి తప్పు చేసిన ఆ రెండు ప్రశ్నలూ మొదటి మూడింటికంటే కష్టమైనవేమో ఒకసారి చూడండి. చదరంగంలో గ్రాండ్‌మాస్టరు చేతిలో ఓడినవాడి రేటింగు పెద్దగా పడదు; పైన చెప్పిన నాలుగు అంకెల పద్ధతిలో మాత్రం ఎవరి చేతిలో ఓడినా ఓటమి ఒకటే.

బ్రాడీపేట_పద్దులు (గుంటూరు)

అందరికీ కృతజ్ఞతలు. కృష్ణలంక గారి వెయ్యిమంది లెక్కను కాగితం మీద వేసి చూశాను, ప్రతి అంకె సరిపోయింది. సైటు సెట్టింగులు వెతికితే మా అమ్మాయి రికార్డు మొత్తం దింపుకునే వీలు కనబడింది. నిన్న ఆదివారం దాన్ని ముందేసుకుని కూర్చున్నాను. మొత్తం 212 వరుసలు. ఒక్కో వరుసలో ప్రశ్న సంఖ్య, తెరిచిన సమయం, నొక్కిన ఐచ్ఛికం, ఎన్నో ప్రయత్నం, పట్టిన సెకన్లు, సూచన అడిగిందా లేదా, ఆ తర్వాత పట్టు అంకె.

మొదటి రోజు మూడు ఒప్పులకు పట్టిన సమయాలు 11, 9, 14 సెకన్లు. సూత్రం రాసి, విలువలు వేసి, సూక్ష్మీకరించడానికి అంత తక్కువ సమయం చాలదు. లెక్చరరు గారు చెప్పిందే జరిగింది. అమ్మాయిని అడిగితే, "ఐచ్ఛికాలు చూస్తేనే తెలిసిపోతుంటే చేయడం ఎందుకు నాన్నా" అంది.

రెండో రోజు తప్పుల్లో మొదటిది నిజంగానే తప్పు; 140 సెకన్లు పట్టింది, ప్రశ్నకు "కఠినం" అన్న గుర్తు కూడా ఉంది. రెండోది చూసి ఆశ్చర్యపోయాను. అక్కడ ఆమె జవాబు ఒప్పే. కానీ ముందుగా సూచన అడిగింది. సైటు దాన్ని తప్పు కింద రాసుకుని అంకెను 55కు దించింది. తెలియనిది అడిగిన పిల్లకు శిక్ష, ఊహించి నొక్కిన పిల్లకు పచ్చని టిక్కు! ఇది న్యాయమా?

పచ్చని టిక్కు వచ్చాక ఎనిమిది రోజులు దాన్ని ముట్టకపోయినా అంకె 95 దగ్గరే నిలబడి ఉండటం కూడా గమనించాను. పరీక్ష పోయిన రోజున కూడా 95. మనుషులు మరిచిపోతారన్న సంగతి ఆ లెక్కకు తెలియదా?

కృష్ణలంక_కోడు (విజయవాడ)

అంకె కదలలేదంటే మరపు ఆ లెక్కలో లేదన్నమాట. కార్బెట్, ఆండర్సన్‌ల మూల పద్ధతిలో ఒకసారి "వచ్చు" అన్న స్థితికి చేరిన విద్యార్థి మళ్ళీ "రాదు" అన్న స్థితికి వెనక్కి రావడానికి దారి లేదు. గంట సేపు సాగే ఒక విడత సాధనలో అది పెద్ద దోషం కాదు, ఎనిమిది రోజుల ఎడం వచ్చినప్పుడు మాత్రం దోషమే. మరపుకు లెక్క కట్టవచ్చని 1885లోనే జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, తానే మరిచిపోతూ చూపించాడు. భాషలు నేర్పే డ్యుయోలింగో సంస్థ పరిశోధకులు 2016లో ప్రకటించిన పద్ధతిలో ఒక్కో పదానికి, రేడియోధార్మిక పదార్థానికి ఉన్నట్టుగానే, ఒక అర్ధాయుష్షు ఉంటుంది. అది 8 రోజులైతే ఎనిమిదో రోజున గుర్తుండే అవకాశం సగం, 4 రోజులైతే అదే రోజున పావు. గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ ఆ అర్ధాయుష్షు పెరుగుతూ పోతుంది. గణితానికి ఇది ఉన్నదున్నట్టుగా సరిపోదు, ఎందుకంటే మరిచిపోయిన సూత్రాన్ని ఇంకో సూత్రం నుంచి రాబట్టుకోవచ్చు, పదాన్ని అలా రాబట్టలేము. అయినా టిక్కు పడ్డ అంశాన్ని పది రోజులకోసారి మళ్ళీ అడగడానికి ఏ సైటుకూ పెద్ద కష్టమేమీ లేదు.

లెక్చరరు గారి అభ్యంతరాన్ని అంకెల్లో పెట్టి చూశాను. ఊహతో ఒప్పు కొట్టే అవకాశాన్ని 25 నుంచి 50కి పెంచి, మిగతావి అలాగే ఉంచితే, అవే మూడు ఒప్పులకు 97 బదులు 84 వస్తుంది. 95 గీత దాటదు, టిక్కు పడదు, సైటు ఇంకా అడుగుతూనే ఉంటుంది. ఒక్క అంకె మార్పుతో మీ అమ్మాయి "వచ్చినవారి" జాబితాలోంచి "ఇంకా రానివారి" జాబితాలోకి వస్తుంది. అసలు ఐచ్ఛికాలే వద్దనుకున్నవారూ ఉన్నారు. జాన్ పోల్ దుయన్యోన్, జాన్ క్లోడ్ ఫల్మాన్య్ అనే ఇద్దరు 1985లో మొదలుపెట్టిన జ్ఞాన క్షేత్రాల సిద్ధాంతం మీద కట్టిన అలెక్స్ అనే సైటులో చాలావరకు జవాబును విద్యార్థే రాయాలి. ఏ అంశం రాకుండా ఏ అంశం రాదో చూపే పటం ఒకటి వారి దగ్గర ఉంటుంది. సంయుక్త కోణాలు వచ్చిన పిల్లకు 30, 45 డిగ్రీల విలువలు విడిగా అడగనక్కరలేదు కనుక, తక్కువ ప్రశ్నలతోనే విద్యార్థి ఎక్కడుందో గుర్తిస్తారు.

2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రకటించిన డీప్ నాలెడ్జ్ ట్రేసింగ్‌లో ఈ నాలుగు అంకెలూ ఉండవు. జవాబుల వరుసను న్యూరల్ నెట్‌వర్కుకు, అంటే ఎన్నో ఉదాహరణలు చూసి తానే నేర్చుకునే ప్రోగ్రాముకు, ఇస్తే తర్వాతి జవాబు ఒప్పవుతుందో లేదో అదే చెబుతుంది. కానీ అంకె ఎందుకు పడిందని మీరడిగితే, నేను పైన వేసినట్టు వెయ్యిమంది లెక్క వేసి చూపడం కుదరదు. అందుకే మీలాంటివారి కోసం పాత పద్ధతి మీద నాకు ఇంకా గౌరవముంది.

సూచనను తప్పుగా రాయడం చాలా ట్యూటర్లలో ఉన్న ఆచారమే. సాయం లేకుండా మొదటి ప్రయత్నంలో చేయగలిగిందా అన్నదే ఆ లెక్కకు కావాలి కాబట్టి అలా పెట్టారు. దాన్ని శిక్ష అనలేను. కాకపోతే ఆ సంగతిని పిల్లలకు చెప్పకపోవడం తప్పు. చెప్పకుండా అంకెను మాత్రం కళ్ళముందు పెడితే పిల్లలు సూచనలు అడగడం మానేస్తారు. మా సంస్థలో అదే జరిగింది: అంకె పక్కన రంగు పట్టీ పెట్టిన నెల నుంచి సూచనల వాడకం పడిపోయింది, మేము దాన్ని ప్రగతి అనుకుని సంబరపడ్డాము.

రికార్డు విషయంలో ఒక మాట. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారంతా పిల్లలే. వారి డేటాను వాడుకోవడానికి తల్లిదండ్రుల నుంచి ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలని, పిల్లలను గురిపెట్టి ప్రకటనలు చూపకూడదని అందులో ఉంది. చందా కట్టేటప్పుడు మీరు దేనికి ఒప్పుకున్నారో ఒకసారి చదివి చూడండి.

విశ్రాంత_గణితం (సత్యనారాయణపురం, విజయవాడ)

పద్దులు గారూ, ఐచ్ఛికాలు లేకుండా తెల్లకాగితం మీద సైన్ 75° చేయమని అమ్మాయికి ఇవ్వండి. జవాబు కాదు, సోపానాలు చూడండి.

బ్రాడీపేట_పద్దులు (గుంటూరు)

ఇప్పుడే ఇచ్చాను మాస్టారూ. సూత్రంలో గుర్తు మరిచిపోయి, రెండు పదాల మధ్య కూడిక బదులు తీసివేత వేసింది. (√6 − √2)/4 వచ్చింది. కలం పక్కన పెట్టి ఒక నిమిషం చూసి, "ఇది పావు దగ్గరుంది, సైన్ 30° సగం కదా, 75°కు అంతకంటే తగ్గదు" అని తనలో తానే అనుకుని, వెనక్కి వెళ్ళి గుర్తు మార్చి, మళ్ళీ చేసింది. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది.

విశ్రాంత_గణితం (సత్యనారాయణపురం, విజయవాడ)

చాలా బాగుంది! తన తప్పును తానే పట్టుకుంది. సూత్రం ఈ రాత్రికి ఇంకో నాలుగుసార్లు రాయించండి. కృష్ణలంక గారూ, మీరు పనిచేసిన చోట ఈ పనికి అంటించే చీటీ ఏదైనా ఉండేదా?

కృష్ణలంక_కోడు (విజయవాడ)

లేదండీ. మా పట్టికలో ఆ వరుస "తప్పు, 240 సెకన్లు" అని పడి ఉండేది.